రోడ్డు వైపు స్తంభాలు

ప్రియమైన నాన్నకి,

చేరాను. బతికే ఉన్నాను. ముందు అమ్మకి ఆ మాట చెప్పు, మిగతాది తరవాత చదువుకుందువు గాని.

ఈ పల్లంలో ఫోను పలకదు. షెడ్డు పైకప్పు మీదకి ఎక్కి కూడా చూశాను, చొక్కా చిరిగింది తప్ప లాభం లేదు. వారానికోసారి మన ఊరి గోదాము నుంచి పశువుల దాణా తెచ్చే లారీ ఒక్కటే దిక్కు. డ్రైవరు నీ ఉత్తరం రోడ్డు పక్క షెడ్డులో మేకుకి తగిలించి, నేను అక్కడ పెట్టింది పట్టుకెళతాడు. మేం పని చేసేది ఈ పశువుల ఫారం ఆ చివర. లారీ వచ్చిందీ పోయిందీ దుమ్ము చూసి తెలుసుకోవాలి. కాబట్టి నువ్వు నన్ను తిట్టాలన్నా, నేను ఎదురు చెప్పాలన్నా వారం ఆగాల్సిందే.

ఇక కంచె వెయ్యాల్సిన నేల సంగతి. నువ్వు చెప్పినదానికన్నా మొండిది. నెర్రెలు ఎంత వెడల్పంటే నా చెయ్యి మోచేతి దాకా దిగిపోతోంది. గునపం వేస్తే ఎగిరి మన మీదకే వస్తోంది. సరే కదా అని నీళ్లు పోసి నాననిచ్చి తవ్వితే, ఆ బంకమట్టి పారకి అంటుకుని వదలదు. ఒక పార మట్టి తియ్యడం, పారని కాలితో గీకడం, మళ్ళీ ఇంకో పార. ఎండలో ఈ పని చేస్తుంటే మన పనివాళ్లకి నా మీద ప్రేమ పెరుగుతుందని నువ్వేమీ అనుకోకు.

ఫారం ఆసామి ఇంకో రకం బంకమట్టి. దారం కట్టి సున్నం గీశాక తీరిగ్గా వచ్చి, "అమ్మాయ్, కంచె కాస్త అటు జరుపు, ఆ చెట్టు నా వైపు ఉండాలి" అన్నాడు. జరిపాం. భోజనం చేసి మళ్ళీ వచ్చాడు. "చెట్టు వద్దులే, ఆకులు రాలుతాయి" అన్నాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

నువ్వు అన్న మాట నేను మర్చిపోలేదు. మొదటి పెద్ద వాన వెళ్లాక కూడా కంచె నిటారుగా నిలబడితే మనుషులు, బండి, పనిముట్లు అన్నీ నా చేతికి. ఒరిగితే అన్నీ మేస్త్రీ చేతికి, నేను ఆఫీసులో ఫోన్లెత్తుకోవడానికి. మేస్త్రీ బాబాయ్ కూడా అది విన్నాడు. పైకి ఏమీ అనడు గానీ, నేను గుంత కొలిచినప్పుడల్లా వెనక నిలబడి గొంతు సవరించుకుంటాడు. నాకు ఈ పని కావాలి నాన్నా. ఫోన్లెత్తడం నా వల్ల కాదు.

భుజం జాగ్రత్త. వ్యాయామం ఎగ్గొట్టకు.

ఇట్లు,
నీ గునపం

*

నా గునపం తల్లికి,

ఉత్తరం అందింది. బతికే ఉన్నావన్న ముక్క మీ అమ్మ మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. మిగతాదంతా "ఆ గోల మీ ఇద్దరిదీ" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జాగ్రత్తగా విను. గుంత అడుగున వెడల్పు, పైన ఇరుకు. పైన వెడల్పయిందా, వానకి ఉబ్బిన మట్టి ఆ కాంక్రీటుని చంకల్లో చేతులేసి ఎత్తినట్టు ఎత్తేస్తుంది. పోసిన కాంక్రీటు మీద తడి గోనె పరిచి పైన మట్టి కప్పు, లేకపోతే ఆ ఎండకి పెచ్చులు లేస్తుంది. బాగా గట్టిపడ్డాక భుజం ఆనించి తోసి చూడు. కంటితో చూసి బాగుందనుకునేవాళ్ళు మన పనికి పనికిరారు. ఇవన్నీ నీకు తెలుసని నాకూ తెలుసు. అయినా చెబుతాను. ఇంక నేను చేసే పనేముంది?

నా సంగతి అడక్కు. స్తంభాల లోడు దింపుతూ పడ్డ రోజు నుంచి ఈ భుజం నాది కాదు. కట్టు విప్పారు, పేరుకి. వ్యాయామం చేయించే అమ్మాయి రోజూ నన్ను గోడ ముందు నిలబెట్టి "తొయ్యండి అంకుల్, ఇంకా గట్టిగా" అంటుంది. గోడని తోస్తే ఏమవుతుంది? గోడ గోడలాగే ఉంటుంది. ఆ పిల్ల చప్పట్లు కొడుతుంది. నాకు ఒళ్ళు మండిపోతుంది. జీవితమంతా గుంతలు తవ్విన మనిషిని, సీసా మూత మీ అమ్మ చేత తీయించుకుంటున్నాను. నొప్పుల తైలం వాసన భరించలేక ఆవిడ పక్క గదికి మారిపోయింది.

కాలనీ వాళ్ళు సరేసరి. మూల ఇంటి టీచరుగారు గేటు నేలకి రాసుకుంటోందని ఫోన్ చేశారు. ఎండకి నేల కుంగి స్తంభం దిగిందండీ, వానలకి మళ్ళీ లేస్తుంది, అప్పటిదాకా కాస్త ఎత్తి మూసుకోండి అన్నాను. "నేను కంచె వేయించుకున్నానా, పెంచుకుంటున్నానా?" అని అడిగారు. ఫోన్ పెట్టేశాను.

లారీలూ జీపులూ ఎక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎక్కమన్నా నేను రాను. పరీక్ష నీది, నేనొస్తే అది నాదైపోతుంది.

కుర్చీకి అతుక్కుపోయిన
మీ నాన్న

*

ప్రియమైన నాన్నకి,

తైలం వాసన కవరు విప్పకముందే వచ్చింది. పెద్దాయన వచ్చాడేమోనని మనవాళ్ళు బీడీలు దాచుకున్నారు.

ఫారం ఆ చివర మూల పూర్తయింది. మూల స్తంభానికి రెండు వైపులా ఆసరాలు వేసి తీగ బిగించాను. వేలితో మీటితే మోగుతోంది. ఒక ఎద్దు వచ్చి వీపు గోక్కుని పోయింది, కంచె ఊగలేదు. మేస్త్రీ బాబాయ్ కూడా భుజం ఆనించి చూసి, ఏమీ అనకుండా నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయాడు. ఆయన ఏమీ అనలేదంటే నీకు అర్థమవుతుందిగా.

ఇక రోడ్డు వైపు గేటు మిగిలింది. దాణా లారీ తిరిగేంత గేటు కాబట్టి స్తంభాలు బాగా ఎత్తు, లావు గొట్టాలు. గుంతలు తయారు. ఈ వారంలోనే నిలబెట్టేస్తాను. ఆసామి ఆ వైపు రాకుండా ఉంటే చాలు.

ఎండకి పెదాలు పగిలాయి, అరచేతుల్లో చర్మం ఊడింది. అయినా బాగుంది నాన్నా. చాలా రోజుల తరవాత కడుపునిండా తిని పడుకున్నాను.

ఇట్లు,
నీ గునపం

*

నా గునపం తల్లికి,

ఈ వారం నాకు బాగుంది. మీ అమ్మ ఆశ్చర్యపోతోంది. రాత్రి భోజనంలో అడిగి మరీ మళ్ళీ వడ్డించుకున్నాను. పొద్దున సీసా మూత నేనే తీశాను. వ్యాయామం చేయించే అమ్మాయితో కూడా గొడవ పెట్టుకోలేదు, ఆ పిల్ల చప్పట్లు కొడితే నవ్వాను కూడా. డాక్టరు ఏదో మందు మార్చాడు, దాని మహిమేమో.

ఇక పని మాట. గేటు స్తంభాలు ఎంత లోతు తవ్వావు? నిజం చెప్పు. నాకెందుకో అనుమానంగా ఉంది. గేటు స్తంభమంటే కంచెలో మిగతా స్తంభాల్లాంటిది కాదు. అది ఒంటరిగా బరువు మోస్తుంది, పక్కన తీగ పట్టుకుని నిలబడడానికి వీల్లేదు. దాని గుంత దగ్గర బద్ధకించావంటే నీ కంచె మొత్తానికి విలువుండదు. అడుగున వెడల్పు చేశావా? పైపైన తవ్వి సరిపెట్టలేదు కదా?

టీచరుగారు గేటు కింద నేలనే చెక్కించుకున్నారట. వానొస్తే అదో చెరువు. మళ్ళీ ఫోన్ నాకే.

మీ నాన్న

*

ప్రియమైన నాన్నకి,

బాగుందని నేను రాసిన ఉత్తరం నీ చేతికి అందేలోపే ఇక్కడ అంతా చెడిపోయింది. ఏం జరిగిందో చెబుతాను.

ఆసామి రానే వచ్చాడు. తయారైన గుంతలు చూసి, గేటు ఇంకాస్త ఎడంగా జరగాలన్నాడు. ఏడుపు దిగమింగుకుని కొత్త గుంతలు తవ్వాను. స్తంభాలు నిలబెట్టాను, మట్టం పెట్టి చూశాను, దారానికి వెంట్రుకవాసి తేడా లేదు. లారీ వచ్చి వెళ్ళిన సాయంత్రం ఇటు వచ్చి చూస్తే రెండూ లోపలి వైపుకి ఒరిగి ఉన్నాయి. ఇంత తేడా కాదు, గుడ్డివాడికి కూడా తెలిసేంత.

గుంతలో తప్పుందా అనుకుని చుట్టూ తవ్వి చూశాను, లేదు. నేల కుంగిందా అంటే పక్క స్తంభాలు చక్కగా ఉన్నాయి. లారీ వెనక్కి తిప్పుతూ తగిలించి ఉంటాడు. అంతకన్నా నాకేమీ తోచడం లేదు. ఈసారి డ్రైవరు దొరికితే కడిగేస్తాను. రేపే ఇవి పెకలించి మళ్ళీ నిలబెడతాను.

ఆసామి వచ్చి ఒరిగిన స్తంభాల ముందు నిలబడి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "మీ నాన్నగారు ఉంటే ఇలా జరిగేదా, అమ్మాయ్?" అన్నాడు. కంచెనీ గేటునీ తన ఇష్టం వచ్చినట్టు జరిపించిన మనిషి! మనవాళ్ళు నేల చూపులు చూశారు. మేస్త్రీ బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతులో ఏదో ఒకటి అడ్డుపడి శాశ్వతంగా ఆగిపోతే బాగుండునని అనిపించింది. తప్పే, కానీ అనిపించింది.

పడమట మబ్బు పడుతోంది, కరిగిపోతోంది. వాన ఎప్పుడైనా రావచ్చు. ఆలోపు గేటు నిలబడకపోతే మిగతా కంచె ఎంత బాగున్నా ఎవరూ చూడరు. నాకు భయంగా ఉంది నాన్నా. ఎవరితోనూ అనలేదు, నీకే చెబుతున్నాను.

ఇట్లు,
నీ గునపం

*

ప్రియమైన అమ్మాయికి,

లారీ తగల్లేదు. పాపం, డ్రైవరుని ఏమీ అనకు.

రెండోసారి నిలబెట్టినవి కూడా గట్టిగా లేవు. ఒకసారంటే పొరపాటు అనుకోవచ్చు. రెండుసార్లంటే పని తెలియకపోవడం. నీకు తెలుసనుకుని నేనే తొందరపడ్డానేమో. నా పేరుతో ఇన్నేళ్ళుగా వేసిన కంచెలు ఈ చుట్టుపక్కల ఉన్నాయి, నీ ఒక్క గేటుతో అవన్నీ ఒరిగినట్టే.

ఈ వారం నుంచి పని మేస్త్రీ చూస్తాడు. గేటు స్తంభాలు ఆయనే నిలబెడతాడు. నువ్వు కొలతలు, సామాన్లు చూసుకో. ఆయనకి విడిగా చీటీ రాశాను. వాదించకు. ఇది కోపంతో రాస్తున్నది కాదు.

మీ నాన్న

*

నాన్నా,

ఈసారి ప్రియమైన అని రాయలేను. చెయ్యి రావడం లేదు.

నీ చీటీ మేస్త్రీ బాబాయ్ అందరి ముందూ చదివించాడు, ఆయనకి చదువు రాదు కాబట్టి. చదివింది నేనే. నా చేతిలోంచి పని తీసేస్తున్న చీటీ నేనే గట్టిగా, మనవాళ్ళకి వినబడేలా చదివాను. తల కొట్టేసినట్టయింది. తరవాత టేపు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆ తరవాత దానికి అటు చివర పట్టుకునే పని నాదయింది.

ఆయన తవ్వాడు. నేను తవ్విన పద్ధతిలోనే, అదే లోతు. ఇక్కడ నీళ్ళ ట్యాంకరు లారీకి ముందురోజు సాయంత్రం వస్తుంది. కాబట్టి ఎవరు చేసినా కాంక్రీటు పోసేది లారీ వచ్చే రోజు తెల్లవారుజామునే, ఎండెక్కకముందు. నావి రెండుసార్లూ అంతే. రేపే నిలబెడతానని రాశాను గానీ నీళ్ళు లేక ఆ పొద్దుటిదాకా ఆగాల్సి వచ్చింది. ఊతకర్రలు పెడతాం, లారీ లోపలికి రావాలి కాబట్టి ఆ కాసేపటికి తీసేస్తాం. పైన గోనె, మట్టి కప్పి మా పని మీద మేం ఆ చివరకి పోతాం.

లారీ వెళ్ళాక వచ్చి చూస్తే మేస్త్రీ బాబాయ్ స్తంభాలు కూడా ఒరిగి ఉన్నాయి. ఆయన మొహం చూడలేకపోయాను. పాపం, గొంతు కూడా సవరించుకోలేదు. కిందే కూర్చుండిపోయాడు. నేను కోపం పట్టలేక వెళ్ళి ఆ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని నుదురు ఆనించాను. వాసన వచ్చింది. నా నుదుటికి కాస్త కింద, గొట్టం మీద జిడ్డుగా మరక. నొప్పుల తైలం.

ఈ చుట్టుపక్కల ఆ తైలం వాడే మనిషి లేడు.

ఇవాళ లారీ కోసం గేటు దగ్గరే కాపు కాశాను. డ్రైవరు ముందు ఏమీ తెలియదన్నాడు. తరవాత "నేను మీకు చెప్పానని పెద్దాయనకి చెప్పకండమ్మా" అన్నాడు. నువ్వు దిగి స్తంభం దగ్గరికి వెళ్ళి భుజం పెట్టి తోసేవాడివట. తిరిగి ఎక్కేటప్పుడు ఒకసారి ఈల కూడా వేశావట.

ఇప్పుడు నీ పాత ఉత్తరాలు చూస్తుంటే మండిపోతోంది. నేను ఒరిగాయని చెప్పకముందే లోతెంతని అడిగావు. రెండోసారి నేను నీకు ఒక్క ముక్క రాయకముందే గట్టిగా లేవని తీర్పు ఇచ్చావు. పచ్చి కాంక్రీటులో ఉన్న స్తంభాన్ని చిన్నపిల్లాడు తోసినా ఒరుగుతుందని నాకు నేర్పింది ఎవరు? నన్ను పరీక్షకి కూర్చోబెట్టి, రాసిన కాగితం నువ్వే తుడిచేసి, తప్పిందని ఇంటికి పొమ్మన్నావు. ఎందుకు చేశావు? నేను ఓడిపోవాలనా? అదే అయితే ఇంట్లోనే చెప్పాల్సింది. ఈ ఎండలో నా చేతులు పగలగొట్టుకునేదాన్ని కాదు.

జవాబు రాయి. ఈసారి తైలం రాసుకోకుండా రాయి.

నీ కూతురు

*

ప్రియమైన తల్లికి,

వచ్చాను. నువ్వు రాసినవన్నీ నిజం. వెనక దాణా బస్తాల మధ్య కూర్చుని వచ్చాను, ముందు కూర్చుంటే మనవాళ్ళు ఎవరైనా చూస్తారని. మీ అమ్మతో వ్యాయామం దగ్గర రద్దీ అని చెప్పాను. నిన్న ఆవిడకీ చెప్పేశాను. ఇప్పుడు ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు.

నువ్వు ఓడిపోవాలని కాదు. అది మాత్రం నమ్ము.

మొదటిసారి ఒక్కసారి చూసిపోదామనే వచ్చాను. ఇంట్లో ఉండలేకపోయాను. స్తంభాలు చూశాను. ఊతకర్రలు లేవు, పైన మట్టి కప్పి ఉంది, పోసి నాలుగు రోజులై ఉంటుందనుకున్నాను. మన ఇంట్లో స్తంభం కనబడితే చెయ్యి వెయ్యకుండా పోయేవాళ్ళు ఎవరున్నారు? భుజం ఆనించాను. తోశాను. కదిలింది.

కదిలింది తల్లీ. ఎన్నాళ్ళుగానో గోడని తోస్తున్నాను. తలుపు గడియ బిగుసుకుంటే మీ అమ్మని పిలుస్తున్నాను. ఆ రోజు నేను తోస్తే అంత లావు ఇనప గొట్టం కదిలింది. నాకు సంతోషం వేసింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ముందు సంతోషమే వేసింది. ఇది నా కూతురు నిలబెట్టిన స్తంభం, దీని మీద దాని బతుకు ఆధారపడి ఉంది అన్నది లారీ సగం దారికి వచ్చాక గానీ గుర్తు రాలేదు. అప్పుడు కూడా, నా కుంటి భుజానికే కదిలిందంటే గుంతలో లోపం ఉండి ఉంటుందనుకున్నాను. అలా అనుకోవడం నాకు తేలిక. రెండోసారి చూడడానికి రాలేదు. తోయడానికే వచ్చాను.

మూడోసారి మేస్త్రీ నిలబెట్టినవి. అవి కదలకూడదు. కదలవన్న ధీమాతోనే భుజం ఆనించి, ఊరికే తోశాను. కదిలాయి. మేస్త్రీ స్తంభం కదలడమేమిటని వంగి మట్టి తీసి చూశాను. కింద కాంక్రీటు పచ్చిగా ఉంది. వేలు పెడితే దిగింది. అప్పుడు తెలిసింది నాకు.

నీవి కదిలినప్పుడు ఆ మట్టి తీసి చూడలేదు. నీది కదిలితే నీ తప్పనుకున్నాను. ఆయనది కదిలితే నా తప్పేమోనని చూశాను. మిగతావన్నీ దీని ముందు చిన్నవి. దారి పొడుగునా బస్తాల మధ్య కూర్చుని అదే ఆలోచించాను. ఇంటికొచ్చాక నీకు వెంటనే రాయాల్సింది. ధైర్యం చాల్లేదు. నువ్వే కనిపెట్టి తిడతావని ఎదురుచూశానేమో కూడా.

పని నీదే. వాన వచ్చినా రాకపోయినా, గేటు నిలబడినా పడినా. ఈ ఉత్తరం మనవాళ్ళందరికీ చదివి వినిపించు. మేస్త్రీని నా తరఫున క్షమాపణ అడుగు. నిన్ను ఎలా అడగాలో నాకు చేతకావడం లేదు.

మీ నాన్న

*

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. వినిపించను. వాళ్ళకి నువ్వే చెప్పాలి, ఎదురుగా నిలబడి.

పని నీదే అని నువ్వు రాసేలోపే నేను తీసుకున్నాను. మేస్త్రీ బాబాయే టేపు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నావి కూడా ఒరిగాక ఇంక నీకూ నాకూ తేడా ఏముందమ్మా, నువ్వే కానివ్వు" అన్నాడు. లారీ రోజు కాంక్రీటు పోసి, ఊతకర్రలు తియ్యకుండా, లారీని రోడ్డు మీదే ఆపించి, బస్తాలు భుజాల మీద మోయించాను. డ్రైవరు సణిగాడు. సణగనీ, అతనికి ఆ శిక్ష పడాల్సిందే.

తరవాత వాన వచ్చింది. మామూలు వాన కాదు, రాత్రీ పగలూ విడవకుండా కొట్టింది. నెర్రెలన్నీ మూసుకుపోయి నేల పిండిలా ఉబ్బింది, చెప్పులు లోపలే ఉండిపోయి కాళ్ళు బయటికొచ్చాయి. వెలిసీ వెలవకముందే దారం పట్టుకుని కంచె మొత్తం నడిచాను. ఒక్కటి కదల్లేదు నాన్నా. రోడ్డు వైపు స్తంభాలు దారానికి ఆనుకుని నిలబడ్డాయి. గేటు ఒక్క వేలితో మూసుకుంటోంది. ఆసామి వచ్చి తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. "కాస్త ఇటు జరిపితే" అని మొదలుపెట్టి నా మొహం చూసి ఆపేశాడు.

నాకు కోపం పోలేదు. నావి కదిలితే నా చేతకానితనం, ఆయనవి కదిలితే మట్టి తీసి చూడడం. అది మింగుడుపడడం లేదు. తీగ లాగుతున్నా అదే, అన్నం ముందు కూర్చున్నా అదే. కొన్నాళ్ళు ఇలాగే ఉంటుంది, నువ్వు ఓర్చుకోవాలి. అయినా 'కదిలింది' అన్న చోటికి వచ్చినప్పుడల్లా ఆగిపోతున్నాను. నువ్వు గోడ ముందు నిలబడడం, ఆ పిల్ల చప్పట్లు కొట్టడం, అవి నాకు నవ్వులాటగా రాశావు, నేను నవ్వాను. అడగాల్సింది. అడగలేదు. బాగా ఏడ్చాను.

ఇంకో సంగతి. దూడల దొడ్డి చుట్టూ పాత కర్ర కంచె ఉంది. దాన్ని తీసేసి కొత్తది వెయ్యమని నిన్న ఆసామి కొత్త పని ఒప్పజెప్పాడు. మనవాళ్ళు గునపాలు పట్టుకుని బయల్దేరితే ఆపాను. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నిన్నటి నుంచి రెండుసార్లు ఆ కంచె పక్క నుంచే నడిచాను, చేతులు వెనక కట్టుకుని. ఆ స్తంభాలు గట్టివో, పుచ్చినవో నాకు తెలియదు. ఒక్కదాన్నీ తోసి చూడలేదు.

డాక్టరుని అడుగు, అమ్మకి చెప్పు, లారీలో ముందు సీట్లో కూర్చుని రా. ముందు మేస్త్రీ బాబాయ్‌తో మాట్లాడు. తరవాత దొడ్డి దగ్గరికి తీసుకెళతాను. అక్కడున్నవన్నీ నీవే, నీ ఇష్టం వచ్చినట్టు తోసుకో.

ఎదురుచూస్తూ,
నీ గునపం